వ్యాన్ హేలెన్ 1978, గన్స్ ఎన్ రోజెస్ 1987: ఏ తొలి ఆల్బమ్ ముందు వినాలి?

రెండూ లాస్ ఏంజెలస్ క్లబ్బుల్లో రాటుదేలిన బ్యాండ్లే. కానీ హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటే తేడా వెంటనే తెలిసిపోతుంది.

బ్యాండ్ పేరే పెట్టుకున్న 'వ్యాన్ హేలెన్' ఆల్బమ్‌లో చాలావరకు వినిపించేది ఒక్కటే గిటార్, ఎడ్డీ వ్యాన్ హేలెన్‌ది. అది ఎక్కువగా ఎడమ చెవిలో మోగుతుంటే, దాని ప్రతిధ్వని కుడివైపు నుంచి వస్తుంది. నిర్మాత టెడ్ టెంపుల్‌మన్ చాలావరకు బ్యాండ్ అంతా కలిసి వాయించిందే రికార్డు చేశారు, పైన అతికించింది తక్కువ. అందుకే అంత గాలి ఆడుతున్నట్టు ఉంటుంది. పాట లేకుండా గిటారే మోగే 'ఇరప్షన్' నిడివి 1 నిమిషం 42 సెకన్లే. అందులో ఎడ్డీ కుడిచేతి వేళ్లతో కూడా తీగల్ని గిటార్ మెడ మీదే కొట్టి స్వరాలు పలికిస్తాడు. ఆ తర్వాత ఎంతమంది గిటారిస్టులు దాన్నే సాధన చేశారో లెక్కలేదు. గాయకుడు డేవిడ్ లీ రాత్ గొంతులో మాత్రం పాట కంటే హుషారు ఎక్కువ.

గన్స్ ఎన్ రోజెస్ తొలి ఆల్బమ్ 'ఆపెటైట్ ఫర్ డిస్ట్రక్షన్'లో రెండు గిటార్లు, చెవికొకటి. గిటారిస్టుల్లో ఇజ్జీ ముక్కలుగా, తెంపి తెంపి వాయిస్తాడు. స్లాష్ సాగదీసి పాడిస్తాడు. ఒకే రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటార్ వరుసను) ఇద్దరూ అచ్చం ఒకేలా వాయించరు, ఆ చిన్న తేడాలోనే ఉంది మజా. గాయకుడు ఆక్సల్ అడుగు స్వరం నుంచి కీచుగొంతు దాకా ఎగబాకుతాడు. పార్టీ మూడ్ లేదు. డ్రగ్స్, డబ్బు, కోపం.

గిటార్ నేర్చుకుంటుంటే మొదటిది. పాటలే కావాలంటే, నా ఓటు రెండోదానికే.