స్పేసర్లా, లిఫ్ట్ కిట్టా, పెద్ద టైర్లా: మన గెడ్డలకీ ట్రాక్టర్ చాళ్లకీ ఏది మేలు?

వానలు మొదలయ్యే ముందు ఏటా వచ్చే ప్రశ్నే. థార్ కొన్నవాళ్లూ, వీ-క్రాస్, హైలక్స్ లాంటి పికప్ కొన్నవాళ్లూ "అన్నా, బండి ఎత్తు పెంచాలి, ఏది వేయించమంటావు?" అంటారు. ఎందుకు పెంచాలి అని తిరిగి అడిగితే సగం మంది దగ్గర జవాబు ఉండదు. చూడ్డానికి బాగుంటుందని, అంతే. అందులో తప్పేం లేదు గానీ దానికోసమైతే నా సలహా అక్కర్లేదు, విజయనగరంలో ఏ యాక్సెసరీ షాపుకి వెళ్లినా సాయంత్రానికి పనైపోతుంది. మన ఉత్తరాంధ్రలో సీతంపేట, కురుపాం, పాచిపెంట వైపు కొండదారుల్లో నిజంగా తిరిగేవాళ్ల కోసం ఇది.

ముందు బండిని ర్యాంపు ఎక్కించి, కింద ఎక్కడెక్కడ గీతలు పడ్డాయో చూడండి. డోర్ల కింద అంచుకా, మధ్యలో గేర్‌బాక్స్ దగ్గరా, ముందు బంపర్ మూలకా, వెనక డిఫరెన్షియల్‌కా (యాక్సిల్ మధ్యలో రెండు చక్రాలకీ తిప్పుడు పంచే గేర్ల గుండు)? ఏం వేయించాలో ఆ గీతలే చెప్తాయి. గీతలే లేకపోతే ఆ డబ్బు డీజిల్‌కి పెట్టుకోండి.

మన వైపు దారి పాడయ్యేది బండరాళ్ల కంటే ట్రాక్టర్ల వల్లే ఎక్కువ. ఎర్రమట్టి వానకి నానిపోయి, దాని మీద లోడు ట్రాక్టర్లు తిరిగితే రెండు లోతైన చాళ్లు పడి మధ్యలో గట్టు మిగులుతుంది, నాలుగు ఎండలు కాశాయంటే ఆ గట్టు గట్టిపడిపోతుంది. మన చక్రాలు ఆ చాళ్లలోకి దిగాక గట్టుకి ముందుగా తగిలేది వెనక యాక్సిల్ మధ్యలో వేలాడే డిఫరెన్షియల్ హౌసింగ్, అంటే ఆ గేర్ల పైనుండే ఇనుప డొప్ప. గెడ్డ (వాగు) దాటేటప్పుడు నీళ్లలో కనపడని గుండ్రాయి తగిలేదీ ఎక్కువసార్లు దానికే.

చాలామంది పట్టించుకోనిది ఇక్కడే. స్ప్రింగులు మార్చి బండిని ఎంత లేపినా ఆ హౌసింగ్ ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. స్ప్రింగు లేపేది యాక్సిల్ పైనున్న బండిని. యాక్సిల్ చక్రాల మధ్య బిగించి ఉంది, దాని ఎత్తుని తేల్చేది టైరే. ముందు వైపు సంగతి వేరు, ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఏ చక్రానికి ఆ చక్రం విడిగా లేచి దిగేది) ఉన్న థార్‌లోనూ పికప్‌లలోనూ ముందు డిఫరెన్షియల్ ఛాసిస్‌కే బిగించి ఉంటుంది కాబట్టి లిఫ్ట్‌తో పాటు అదీ లేస్తుంది. జిమ్నీకైతే ముందూ వెనకా రెండూ గట్టి యాక్సిళ్లే, రెండూ ఉన్నచోటే ఉంటాయి. అంటే డిఫరెన్షియల్ కొట్టుకుంటోందని లక్ష పైచిలుకు పెట్టి లిఫ్ట్ వేయించినవాడికి, బండి ఎత్తుగా కనపడుతుంది, అదే గట్టుకి అదే హౌసింగ్ మళ్లీ తగులుతుంది.

అందుకే నా మొదటి ఓటు టైర్లకే. థార్‌లో 16 అంగుళాల రిమ్ముకి కంపెనీ ఇచ్చే 245/75 టైరు ఎత్తు దాదాపు 774 మి.మీ. దాని బదులు 265/75 వేస్తే 804 అవుతుంది. తేడా 30, అందులో హౌసింగ్‌కి దక్కేది సగమే, 15 మి.మీ. ఇంతేనా అనిపిస్తుంది గానీ, అంగుళానికి పైగా గీసుకుపోయే చోట ఏ కిట్టూ ఎలాగూ కాపాడదు, అక్కడ దిగి పలుగూ పారా పట్టుకోవడమే. కొద్దిగా తగిలే చోట్ల ఈ అర అంగుళమే పని చేస్తుంది, అలాంటి చోట్లే ఎక్కువ. పైగా మట్టికి పట్టు దొరికేది, రాయి మీద సైడ్‌వాల్ చీలకుండా ఆగేది కూడా టైరుతోనే.

దీనికీ ఖర్చులున్నాయి, టైరు ధర ఒక్కటే కాదు. మీటరు 100 చూపిస్తుంటే నిజంగా మీరు 104లో ఉంటారు. బండి వేగం అందుకోవడం కాస్త మందగిస్తుంది, మైలేజీ తగ్గుతుంది, స్టీరింగ్ పూర్తిగా తిప్పితే లోపలి ప్లాస్టిక్‌కి రాసుకోవచ్చు. స్టెప్నీ కూడా అదే సైజు ఉండాలి. నాలుగు కొని ఐదోది దాటవేస్తే, ఫోర్ వీల్‌లో ఉండగా పంచర్ అయిన రోజున వేరే ఎత్తు టైరు బిగించి గేర్లని బాధపెట్టాల్సి వస్తుంది. ఏటీ టైర్లు (రోడ్డుకీ మట్టికీ రెండిటికీ పనికొచ్చేవి) చాలు. ఎంటీ (బురద కోసం చేసిన ముతక గళ్లవి) వేస్తే ఎన్‌హెచ్-16 మీద విశాఖ దాకా ఆ హోరు భరించాలి, తడి తారు మీద బ్రేకు కూడా అంత బాగా పట్టదు. ఏడాదిలో నెలకి మించి బురదలో తిరగనివాళ్లకి ఎంటీ ఎందుకో నాకు అర్థం కాదు.

ఇక లిఫ్ట్ కిట్, అంటే స్ప్రింగులూ షాకబ్జర్లూ కలిపి మార్చే కిట్. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటివి మంచివే, గీతలు డోర్ల అంచుకో గేర్‌బాక్స్ కిందో పడుతుంటే జవాబు ఇదే. 40 మి.మీ. చాలు, 50 దాటితే ముందు చక్రాలకి తిప్పుడు అందించే సీవీ జాయింట్లు వంకరలో పని చేస్తూ వాటి రబ్బరు బూట్లు త్వరగా చిరుగుతాయి, అలైన్‌మెంట్ కుదరక చక్రాన్ని పట్టి ఉంచే పై ఆర్ములు కూడా మార్చాల్సి వస్తుంది. కిట్ కొనేటప్పుడు ఎత్తు కంటే ముందు తేల్చుకోవాల్సింది బరువు. వీటిలో ఖాళీ బండికో రకం స్ప్రింగు, ఎప్పుడూ మూడు నాలుగొందల కిలోలు మోసేదానికి ఇంకో రకం ఉంటాయి. ఉద్దానంలో జీడిపిక్కలో కొబ్బరికాయలో రోజూ వేసే పికప్‌కి బరువు స్ప్రింగు సరే. సీజన్‌లో నాలుగు సార్లు లోడు వేసి మిగతా ఏడాదంతా ఖాళీగా తిరిగే బండికి అదే వేయిస్తే, వెనక సీట్లో ఇంట్లోవాళ్లు కూర్చుని తిట్టే తిట్లు మీరే పడాలి.

పికప్‌ల వెనక కమాన్ కట్టలుంటాయి (ఒకదాని మీద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీల స్ప్రింగులు) కాబట్టి మనకి ఇంకో దారి ఉంది, సాలూరు. లారీల ఊరు, కమాన్ పట్టీల పని అక్కడివాళ్లకి కొట్టిన పిండి. పట్టీని మళ్లీ వంచి ఎత్తు తెప్పించడమో, ఒక పట్టీ అదనంగా వేయడమో కిట్ ధరలో చిన్న ముక్కకే అవుతుంది. వంచిన పట్టీ కొన్నాళ్లకి మళ్లీ దిగుతుంది, అదనపు పట్టీ ఖాళీ బండిని ఎగరేస్తుంది. రెండూ తెలిసే చేయించుకుంటే పర్లేదు. యాక్సిల్‌కీ కమాన్‌కీ మధ్య ఇనుప దిమ్మ పెట్టి పొడుగు యూ బోల్టులతో బిగించే పని మాత్రం నేను చెప్పను. ఎక్కుడులో లోడు మీద యాక్సిల్ మెలి తిరుగుతుంది, వెనక యాక్సిల్‌కి తిప్పుడు తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్‌లు (దాని మడత కీళ్లు) పోతాయి.

స్పేసర్లు అన్నిటికంటే చవక, అందుకే అందరూ వాటి గురించే అడుగుతారు. ముందు స్ట్రట్‌లో (స్ప్రింగూ షాకబ్జరూ కలిసిన భాగం) స్ప్రింగు మీద పెట్టే దిమ్మ ఎంత మందమో బండి దాదాపు దానికి రెట్టింపు లేస్తుంది, చక్రానికీ స్ట్రట్‌కీ మధ్య ఆర్ము కొలతల వల్ల. కానీ షాకబ్జర్ పొడుగు పెరగదు. చక్రం కిందకి జారే ప్రయాణంలోంచే ఆ ఎత్తంతా తీసుకుంటుంది, గుంతలో చక్రం నేలని అందుకోవాల్సిన సమయానికి షాక్ చివరికి వచ్చేసి ఠంగుమంటుంది, చక్రం గాల్లో తిరుగుతుంది. ఆఫ్‌రోడ్ కోసం వేయించింది ఆఫ్‌రోడ్‌లోనే పనికి రాకుండా పోతే ఇంకెందుకు? పార్కింగ్‌లో ఫొటోకి బాగుంటుంది.

బాడీ లిఫ్ట్ అంటే బాడీకీ ఛాసిస్‌కీ మధ్య దిమ్మలు. ఛాసిస్ ఉన్నచోటే ఉంటుంది, పెద్ద టైరుకి చోటు తప్ప ఒరిగేదేం లేదు. పాత మహీంద్రా జీపులకి కమాన్లని యాక్సిల్ పైకి మార్చే పని పాతవాళ్లకి తెలిసిందే, కొత్తవాళ్లు దాని జోలికి పోకండి.

ఏది వేయించినా బండి ఎత్తు పెరిగితే మలుపులో ఒరిగేది కూడా పెరుగుతుంది. సాలూరు నుంచి సుంకి మీదుగా ఒడిశా వెళ్లే ఘాట్‌లో లోడు లారీల మధ్య దిగేటప్పుడు ఆ సంగతి తెలుస్తుంది. పైన క్యారియర్ వేసి సామాను కట్టేవాళ్లు ఇంకా జాగ్రత్త. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉండనే ఉంది, తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్లకి విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా కంపెనీ అడిగే మొదటి ప్రశ్న ఇదే కావచ్చు. నేను టైర్ల వైపు మొగ్గడానికి ఇదీ ఒక కారణం, పెద్ద లిఫ్ట్ కంటే చిన్న మార్పు కదా. అలాగని అది చట్టం కిందకి రాదని అనుకోవద్దు, కంపెనీ అదే మోడల్‌లో ఇచ్చే సైజుల్లో పెద్దది దొరికితే అందరికీ మంచిది.

గెడ్డలు దాటేవాళ్లు ఎత్తు మీద పెట్టే ఆలోచనలో కొంచెం యాక్సిల్ బ్రీదర్ గొట్టం (యాక్సిల్ లోపలి గాలి వచ్చీ పోయే దారి) మీద పెట్టండి. వేడెక్కిన డిఫరెన్షియల్ ఒక్కసారిగా చల్లటి నీళ్లలో దిగితే లోపలి గాలి కుంచించుకుని సీళ్ల సందుల్లోంచి నీళ్లు పీల్చుకుంటుంది, తర్వాత ఆయిల్ దింపితే మజ్జిగలా వస్తుంది. ఆ గొట్టాన్ని పొడిగించి ఇంజిన్ దగ్గర పైకి కట్టిస్తే సరి, వందల్లో అయ్యే పని. ఇసుకలోనైతే లిఫ్టూ వద్దు, పెద్ద టైరూ వద్దు, గాలి 18 పీఎస్ఐకి తగ్గించి, తిరిగి కొట్టుకోవడానికి చిన్న కంప్రెసర్ పెట్టుకోండి. జనవరి నుంచి వేసవి మొదలయ్యేదాకా మన తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెడతాయి, ఆ రోజుల్లో బీచ్ మీదకి బండి దించకండి.

కిట్టే వేయించినవాళ్లు అలైన్‌మెంట్ అయ్యాక ఓ ఐదొందల కిలోమీటర్లు తిరిగి బోల్టులన్నీ మళ్లీ బిగించుకోవాలి, బ్రేకు గొట్టాలు లాగినట్టు అవుతున్నాయేమో చూసుకోవాలి. హెడ్‌లైట్లు కూడా దించి సెట్ చేయించుకోండి, లేకపోతే రాత్రి ఘాట్‌లో ఎదురొచ్చే లారీ డ్రైవర్ కళ్లలోకే వెలుగంతా పోతుంది.