కిన్షాసాలో ఆకుమూట విప్పిన మధ్యాహ్నం

హనుమకొండ నుంచి పని మీద కాంగో రాజధాని కిన్షాసాకు వెళ్లినప్పుడు, ఒక గైడు వెంట సగం రోజు ఫుడ్ టూర్ చేశాను. అన్నింటిలోకీ నాకు నచ్చింది లిబోకే: ఉల్లి, టమాటా, మిరపకాయలు కలిపిన చేపను పెద్ద ఆకుల్లో మూటగట్టి బొగ్గుల మీద మగ్గనిస్తారు, ముడి విప్పగానే చేప కంటే ముందు మాడిన ఆకు వాసనే ముక్కుకు తగిలింది. కర్రపెండలం ఆకును దంచి ఉడికించే పొండును గోంగూర అనుకున్నాను గానీ, దానిలో పులుపు లేదు. పులియబెట్టిన కర్రపెండలంతో చేసే చిక్వాంగ్, సర్వపిండి కరకరకు అలవాటుపడిన నా పంటికి మరీ జిగటగా అనిపించింది. గైడు ఫ్రెంచిలోనే గబగబా వివరించడం, రుసుములో తాగునీరు కలపకపోవడం లోపాలు. మన వరంగల్ చపాటా మిరప రంగుకే గాని కారానికి పేరుపడలేదు కనుక, అక్కడి ఘాటైన మిరప కారం పిలిపిలిని మాత్రం మనవాళ్లు చెంచాతో వడ్డించుకోకూడదు.