ఉంబ్రియన్లను ఎక్కడ కలవాలి: టోడి విగ్రహం దగ్గరా, గుబ్బియో రేకుల దగ్గరా?

రోమ్ పెద్దది కాకముందు, ఇటలీ నడుమ టైబర్ నదికి తూర్పున ఉన్న కొండల్లో ఉంబ్రియన్లు ఉండేవారు. ఇటలీలో అందరికంటే పాత జాతి వీరేనని తన కాలంలో అనుకునేవారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. అంత పాతవాళ్ల చేతిరాత మనకు దక్కింది మాత్రం కొంచెమే. చరిత్ర లేదు, కావ్యం లేదు. నాటకకర్త ప్లౌటస్ ఉంబ్రియాలోని సార్సినాలో పుట్టాడంటారు, కవి ప్రొపెర్షియస్‌ది అస్సీసి. ఇద్దరూ రాసింది లాటిన్‌లోనే. కాబట్టి ఆ జనాన్ని చూడాలనుకునేవారికి ముఖ్యంగా మిగిలినవి రెండు: వాటికన్ మ్యూజియంలో ఒక కంచు విగ్రహం, గుబ్బియో పట్టణంలో ఏడు కంచు రేకులు. ఒకదానికే సమయం ఉంటే ఏది మేలు?

చూపుకు మాత్రం విగ్రహమే. ‘టోడి మార్స్’ అని పేరు. 1835లో ఉంబ్రియాలోని టోడి పట్టణం దగ్గర, రాతి పలకల మధ్య పాతిపెట్టి ఉండగా దొరికింది. ఎత్తు సుమారు 1.4 మీటర్లు. కవచం తొడుక్కున్న యువకుడు బరువంతా ఒక కాలి మీద వేసి, ఒక చేత ఈటె పట్టి, రెండో చేత్తో దేవుడికి ధార పోస్తున్నట్లు నిలబడ్డాడు. శిరస్త్రాణం ఇప్పుడు లేదు. క్రీ.పూ. 5వ శతాబ్దం చివరనో 4వ శతాబ్దం తొలినాళ్లలోనో పోసిన పోత అంటారు. ఆ నిలబడిన తీరులో ఉన్న నిబ్బరం చూస్తే ఎవరికైనా ముచ్చటేస్తుంది.

అయితే ఇందులో ఉంబ్రియన్లది ఎంత? పోత పని పొరుగున ఉన్న మరో పాత జాతి ఎట్రుస్కన్లది, బహుశా వాళ్ల ఊరు ఓర్వియెటో వైపుది. భంగిమ గ్రీకుల దగ్గర నేర్చినది. కవచం అంచు మీద నాలుగు మాటలున్నాయి: ‘అహల్ త్రుతితిస్ దునుమ్ దెదె’, అంటే అహల్ త్రుతితిస్ కానుకగా ఇచ్చాడని. లిపి ఎట్రుస్కన్ల నుంచి వచ్చినది. దాత పేరు కెల్టు జాతులదిలా ఉందని పండితుల మాట. టోడి అసలే సరిహద్దు ఊరు. దాని పాత పేరు తుదెర్‌కు, హద్దు అనే అర్థమున్న ఎట్రుస్కన్ మాట ‘తులర్’ మూలమంటారు. అలాంటి చోట ఇలాంటి కలగూరగంప పుట్టడంలో వింత లేదు. అచ్చంగా ఉంబ్రియన్ అనదగినది ఆ చివరి రెండు మాటలే. ‘దునుమ్’ మన దానానికి దగ్గర చుట్టం. ‘దెదె’ సంస్కృతంలోని ‘దదౌ’కు చుట్టం.

ఇక రేకులు. వీటిలో చూడటానికి ఏమీ లేదని ముందే చెప్పాలి. బొమ్మ లేదు, అలంకారం లేదు. అంచు నుంచి అంచు దాకా అక్షరాలే. మన తామ్రశాసనాలు, తాళ్లపాక రాగిరేకులు చూసినవారికి ఆ రూపం కొత్తగా అనిపించదు. 1444లో దొరికాయని చెబుతారు. 1456లో గుబ్బియో పట్టణం వీటిని కొన్నప్పుడు, వెల కింద అమ్మినవాడికి రెండేళ్ల పశువుల మేత హక్కు ఇచ్చింది. తొలి నాలుగు రేకులూ, అయిదోదానిలో ఎక్కువ భాగమూ స్థానిక లిపిలో కుడి నుంచి ఎడమకు నడుస్తాయి. మిగిలినవి లాటిన్ లిపిలో ఎడమ నుంచి కుడికి. ఊరు రోమ్ వైపు ఎలా తిరిగిందో రాత దిశే చెబుతుంది.

అందులో ఉన్నది పూజావిధి. అతియేదియన్ సోదరులనే పురోహితుల బృందం ‘ఫిసియా’ కొండను, ఇగువియం నగరాన్ని (నేటి గుబ్బియో) ఎలా శుద్ధి చేయాలో అడుగడుగునా చెప్పే పద్ధతి. ముందు పక్షి శకునం చూడాలి. త్రెబులన్ ద్వారం ముందు జూపిటర్ గ్రబోవియస్‌కు మూడు ఎద్దులు, అదే ద్వారం వెనక ఇంకో దేవుడికి చూలుతో ఉన్న మూడు పందులు. క్రతువు మధ్యలో అంతరాయం కలిగితే చేసినదంతా చెల్లదు. మళ్లీ శకునం చూసి, ద్వారం దగ్గరికి తిరిగి వచ్చి మొదటి నుంచీ మొదలుపెట్టాలి. శకునం చూసేటప్పుడు ఎవరూ గొణగకూడదు కూడా. మన ఇళ్లలో పెళ్లి తంతులు నడిపించే పెద్దలకు ఈ పట్టింపు బాగానే అర్థమవుతుంది.

తెలుగువారికి ఈ రేకుల దగ్గర ఇంకొక లాభం ఉంది. ఊరి కోసం చేసే ప్రార్థనలో ‘వెయిరో పెకువో’ను కాపాడమని అడుగుతారు. అంటే మనుషులనూ పశువులనూ. ‘వెయిరో’కు వీరుడు, ‘పెకువో’కు పశువు సోదర పదాలు. మరొక చోట ‘దుపుర్సుస్ పెతుర్పుర్సుస్’కు మేలు కోరతారు. రెండు కాళ్లవాటికి, నాలుగు కాళ్లవాటికి. గుడిలో ‘శం నో అస్తు ద్విపదే, శం చతుష్పదే’ అని వినిపించే శాంతి మంత్రం గుర్తుందా? కోరికా అదే, మాటల కూర్పూ అదే. ఈ రేకులను శాస్త్రీయంగా చదివినవారిలో ముఖ్యుడైన థియోడర్ ఆఫ్రెక్ట్, మరో పండితుడు కిర్ఖాఫ్‌తో కలిసి 1849-51లో ఉంబ్రియన్ శాసనాల గ్రంథం వెలువరించాడు; తరవాత ఋగ్వేదాన్ని రోమన్ లిపిలో అచ్చు వేయించినదీ ఆయనే. కాకతాళీయం కాదనుకుంటాను.

కళ అంటే కంచు బొమ్మే అనుకునేవారు ఆరో రేకులో శత్రువుల మీద వేసే శాపాన్ని ఒకసారి పైకి చదవాలి: ‘తుర్సితు త్రెమితు, హొందు హొల్తు, నింక్తు నెపితు, సొనితు సవితు.’ మొదటి జంటకు భయపెట్టు, వణికించు అని అర్థం. తరవాతి వాటి దగ్గర పండితులే తగువులాడుకుంటారు. అర్థం అటుంచి శబ్దం వినండి: జంటజంటగా మొదటి అక్షరాలు కలుస్తూ దెబ్బ మీద దెబ్బ పడుతుంది. యతి ప్రాసల మధ్య పెరిగిన చెవికి ఇది చాలు. ఉంబ్రియన్ల సొంత పనితనం నాకు ఆ విగ్రహం కండరాల్లో కంటే ఈ జంటల్లోనే ఎక్కువ కనిపిస్తుంది.

మంత్రాలే కాదు, ఇంటి లెక్కలూ ఉన్నాయి. క్లవెర్ని అనే కుటుంబం వారు అతియేదియన్ సోదరులకు ఏటా నాలుగు పౌండ్ల మేలురకం గోధుమ ఇవ్వాలి. దాన్ని తీసుకువెళ్లడానికి వచ్చే ఇద్దరికీ భోజనం పెట్టాలి, లేదంటే ఆరు ఆస్సుల నాణేలు చెల్లించాలి. రెండు వేల ఏళ్లు దాటినా ఆ ఇద్దరి ఆకలి కంచు మీద అలాగే ఉంది. విగ్రహం ఇలాంటి కబురు ఒక్కటీ చెప్పదు.

మూడో దారి కూడా ఉంది, తక్కువ మంది వెళ్లేది. కొండ గుళ్లలో మొక్కుబడిగా వేసిన చిన్న కంచు బొమ్మలు: పుల్లల్లా సాగిన సన్నని యోధులు, ఒకటి రెండు గీతలతో తేల్చేసిన ముఖాలు. పెరూజాలోని ఉంబ్రియా పురావస్తు మ్యూజియంలో ఇలాంటివి చూడవచ్చు. పెరూజా మాత్రం ప్రాచీన కాలంలో ఎట్రుస్కన్ల ఊరు, అదొక తిరకాసు. అచ్చమైన ఉంబ్రియన్ శిల్పం కావాలంటే టోడి యువకుడి కంటే ఈ సన్నటివాళ్లకే నా ఓటు.

శిల్పమే ప్రాణమైనవారు, ఎలాగూ రోమ్ వెళుతున్నవారు వాటికన్‌లో ఆగితే తప్పు లేదు. ఉంబ్రియన్ల కోసమే బయలుదేరితే మాత్రం గుబ్బియోకే వెళ్లాలి. ఆ ఊరికి రైలు లేదు. ఫొస్సాతో ది వీకో స్టేషన్లో దిగి బస్సు ఎక్కాలి, లేదా పెరూజా నుంచి బస్సులో రావాలి. రేకులు కాన్సుల్స్ భవనంలో ఉన్నాయి. ఆరో రేకు రెండో వైపున, పైనుంచి పదో వరుస దగ్గర వెతకండి. అది లాటిన్ లిపి కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు వచ్చినవారు ఎవరైనా కూడబలుక్కుని చదవవచ్చు: దుపుర్సుస్, పెతుర్పుర్సుస్.