చీటీ కట్టాలా, పోస్టాఫీసు ఆర్డీ వేయాలా?

గాజువాకలో జీతాల రోజు వస్తే చాలా ఇళ్లలో ముందు తీసేది చీటీ డబ్బే. 5 లక్షల చీటీ, 50 మంది, నెలకు 10,000 అనుకోండి. ఒకరు 1,25,000 తగ్గించి పాడితే చేతికి 3,75,000 వస్తుంది. ఆ తగ్గింపులోంచి, మొత్తం చీటీ మీద 5 శాతం కమీషన్ లెక్కన 25,000 కంపెనీకి పోతుంది, మిగతా లక్ష అందరికీ తలా 2,000 చొప్పున పంచుతారు. అంటే ఆ నెల కట్టేది 8,000. ఇక్కడ ఇబ్బంది పెట్టేది జామీను: పాడుకున్నాక ఉద్యోగస్తుల సంతకాలు దొరక్క డబ్బు నెలల తరబడి ఆగిపోతుంది. రిజిస్ట్రేషన్ లేని వీధి చీటీ అయితే అసలుకే ఎసరు.

ఆర్డీ అంటే నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్; ఇందులో పాటలుండవు. 6.7 శాతం వడ్డీకి నెలకు 5,000 చొప్పున 60 నెలలు కడితే సుమారు 3,56,800 వస్తుంది. ఖాతా తెరిచిన రోజు రేటే చివరిదాకా. వాయిదా తప్పితే నెలకు వందకు రూపాయి జరిమానా, నాలుగు తప్పితే ఖాతా ఆగిపోతుంది. ఏజెంటుకు కట్టేవాళ్లు పాస్‌బుక్కులో ఎంట్రీ పడిందో లేదో నెలనెలా చూసుకోవాలి. ఏడాది కట్టాక అందులో సగం దాకా అప్పు దొరుకుతుంది.

మధ్యలో పెళ్లో, స్థలమో ఉంటే రిజిస్టర్డ్ చీటీ. ఉత్త పొదుపుకైతే ఆర్డీయే.