వేళను పసిగట్టడం, లెక్కను పట్టడం

జంతువులు వేళను పసిగట్టడం, లెక్కపెట్టడం: ఈ రెండింటిలో ఏది ఎక్కువ ఆశ్చర్యకరం? హనుమకొండ శివారులోని మా ఇంటి బర్రె సాయంత్రం కుడితి రాకముందే చెవులు నిక్కించి, పలుపు లాగుతూ వాకిలివైపు చూస్తుంది. అయితే అది వేళను పసిగట్టడమే గానీ లెక్కించడం కాదు. వాలుతున్న ఎండ, బకెట్ చప్పుడు కూడా దానికి ఆనవాళ్లే. లెక్కకు ఇలాంటి ఆసరా ఉండదు.

1958లో మనస్తత్వ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ మెక్నర్ ప్రయోగంలో ఎలుకలు మొదటి మీటను 4, 8, 12 లేదా 16 సార్లు నొక్కాక రెండో మీటకు మారితే బహుమతి దక్కేది. అవి సాధారణంగా అవసరమైన దానికంటే కాస్త ఎక్కువే నొక్కేవి, సంఖ్య పెరిగేకొద్దీ తడబాటూ పెరిగేది. సంఖ్యను కాక సమయాన్నే కొలిచాయేమోనన్న సందేహం న్యాయమైనదే. కానీ 1962లో ఎలుకల ఆకలిని పెంచి చూసినప్పుడు, నొక్కే వేగం పెరిగినా నొక్కిన సంఖ్య పెద్దగా మారలేదు. అందుకే వేళ, లెక్క ఈ రెండింటిలో నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించేది లెక్కే.