గండికోటకు వస్తే టెంటా, జమ్మలమడుగులో రూమా? ఏది మేలు?

చలికాలం వచ్చిందంటే చాలు, బెంగళూరు హైదరాబాద్ ఫ్రెండ్సంతా ఇదే అడుగుతారు, మీది కడప కదా, గండికోటలో టెంట్ తీసుకోవాల్నా రూమ్ తీసుకోవాల్నా అని. నేను తిరిగి అడిగేది ఒకటే, పొద్దున్నే ఎన్నింటికి లేస్తారు?

ఎందుకంటే రీల్స్‌లో కనపడే ఆ ఎర్రబండలు, కింద పెన్న నీళ్లు, ఎండ ఏటవాలుగా పడేటప్పుడే ఆ రంగులో ఉంటాయి. పదకొండింటికి దిగినోళ్లకు అదే లోయ వెలిసిపోయినట్టు ఉంటాది, నెత్తి మాడిపోతా ఉంటాది, నీడ వెతుక్కునేదానికే టైం సరిపోతాది. "ఇండియా గ్రాండ్ కేనియన్ అన్నారు, ఇంతేనా" అనేది ఎక్కువగా ఈ బ్యాచే.

టెంట్ అంటే జిప్ తీయంగానే ఎదురుగా లోయ ఉంటాదనుకుంటారు. చాలావరకు అట్ల ఉండదు, అంచుకు దూరంగా మట్టినేలలో పక్కపక్కనే వేసుంటారు, అదీ మంచిదేలే, అంచున రెయిలింగ్ లేదు మరి. కామన్ బాత్రూమ్, పక్క టెంట్లో అర్ధరాత్రి దాకా బ్లూటూత్ స్పీకర్, తెల్లారుజామున వాళ్లిచ్చిన దుప్పటికి ఆగని చలి. ఇన్ని చెప్పినా కుర్రోళ్లైతే నా ఓటు టెంట్‌కే. మసకచీకట్లోనే జామియా మసీదు పక్కనుంచి నడుచుకుంటా పోయి, పేర్చినట్టుండే ఆ చదరపు బండల మీద కూర్చుంటే లోయ అడుగు నుంచి పైకి ఒక్కో వరసా ఎరుపెక్కేది చూడొచ్చు. చెప్పులు వద్దు, షూ వేసుకోండి, బండల మధ్య సందులు పెద్దవి.

జమ్మలమడుగులో ఏసీ, గీజర్ అన్నీ దొరుకుతాయి, కోట పదిహేను కిలోమీటర్లే. కానీ జరిగేదేందంటే నాలుగున్నరకు అలారం పెట్టి ఏడింటికి లేస్తారు, ఉగ్గాని బజ్జి తిని బయల్దేరేసరికి తొమ్మిది, మళ్లీ పైన చెప్పిన బ్యాచ్‌లో కలిసిపోతారు. పెద్దోళ్లు, చిన్నపిల్లలు ఉంటే మాత్రం టెంట్ ఊసెత్తొద్దు, గండికోటలోనే టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, వీకెండ్ అయితే ముందే బుక్ చేసుకోండి.

తిండి సంగతి, రాగిసంగటి నాటుకోడి అని కలలు కంటా వస్తారు, మధ్యాన్నమే చెప్పిపెడితే రాత్రికి చేసిపెడతారు, రాత్రి ఎనిమిదింటికి అడిగితే ఎగ్ ఫ్రైడ్ రైసే గతి. ఇంకోటి, కోట లోపల ఊరుంది, జనాలు కాపురాలు చేస్తున్నారు. పాడుబడిన కోట అనుకోని ఇండ్ల మీద డ్రోన్లు ఎగరేసేది, అడక్కుండా ఆడోళ్ల ఫొటోలు తీసేది వద్దు సామీ.

ఎండెక్కినాక అక్కడ ఉండొద్దు, సుమారు అరవై కిలోమీటర్ల దూరంలో బెలుం గుహలు, అటు పోండి. ఆ గుహ పొడవు 3,229 మీటర్లు, మనల్ని పోనిచ్చేది దాంట్లో సగం దాకే. గుహ కదా చల్లగా ఉంటాదని స్వెట్టర్ వేసుకోని పోయేరు, లోపలంతా ఉక్కపోత, కాటన్ చొక్కా, ఒక తువ్వాలు చాలు.