సెల్లారు మునిగితే 1 హెచ్‌పీ మురుగు పంపు ఎంతవరకు ఆదుకుంటుంది?

సెల్లారు ఉన్న అపార్టుమెంటుకు పంపు ఎందుకో 2021 నవంబరు వరదల తర్వాత తిరుపతిలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఏది కొనాలన్నదే తంటా. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజు మురుగునీటి సబ్‌మెర్సిబుల్, రెండంగుళాల డెలివరీ, ఫ్లోట్ స్విచ్ (నీటిమట్టాన్ని బట్టి పంపును తనే ఆన్, ఆఫ్ చేసే తేలే స్విచ్) ఉన్న రకం: మా ఓటు దీనికే. అయితే పంపును ఒక్కదాన్నే కొని అటక మీద పెడితే వానరోజున అక్కరకు రాదు.

సంపులో వాడే ఓపెన్‌వెల్ మోటరు ఇక్కడ పనికిరాదు. దాని ఇంపెల్లర్ (నీళ్లను తోసే చక్రం) సందులు మంచినీళ్లకు చేసినవి. కొండల మీంచి దిగే నీళ్లలో ఇసుక, ఆకులు, అన్నిటికీ మించి క్యారీబ్యాగులు. ఒక్క కవరు చుట్టుకుంటే చాలు, షాఫ్టు బిగుసుకుని వైండింగ్ కాలిపోతుంది. మురుగు పంపయితే అంగుళం సైజు చెత్తను కూడా దాటిస్తుంది. కవర్లు మాత్రం దీనికీ గండమే. చుట్టూ ఇనప జాలీ పెట్టాల్సిందే.

నేమ్‌ప్లేటు చూసి మురిసిపోవద్దు. ‘నిమిషానికి 350 లీటర్లు, 12 మీటర్లు’ అని ఉంటే ఆ రెండూ ఒకేసారి దొరకవు. 12 మీటర్ల ఎత్తుకు చుక్క రాదు. 350 లీటర్లు ఎత్తే లేనప్పటి లెక్క. సెల్లారు అడుగు నుంచి రోడ్డు దాకా, పైపులో రాపిడితో కలిపి 6 మీటర్లనుకుంటే నిమిషానికి 200 లీటర్లు వస్తే గొప్ప. 4,000 చదరపు అడుగుల సెల్లారులో అడుగు నీళ్లంటే సుమారు 1,13,000 లీటర్లు, అంటే తొమ్మిదిన్నర గంటల పని.

‘ఇంత నిదానమా’ అని అసోసియేషన్ మీటింగుల్లో విసుక్కుంటారు గానీ, ఆ నిదానమే మేలు. నేల నానిపోయి బయట నుంచి గోడల్ని నెడుతుంటే, లోపలి నీళ్లే ఎదురు కాస్తుంటాయి. మూడు నాలుగడుగులు నిలిచినప్పుడు ఒక్కసారిగా తోడేస్తే గోడ పగలొచ్చు, ఫ్లోరింగ్ పైకి లేవొచ్చు. బయట నీళ్లు తీశాకే మొదలుపెట్టి, రోజుకు అడుగు చొప్పున తోడండి. రాత్రికి గోడ మీద సుద్దగీత గీసి, పొద్దున నీళ్లు గీత దాటి ఉంటే ఆపేయండి. 2021లోనే తిరుపతి కృష్ణానగర్‌లో కడుగుతున్న నీళ్ల తొట్టి ఒరలతో సహా భూమిలోంచి పైకి లేచింది కదా, అదీ ఇదే సూత్రం. 5 అడుగుల వెడల్పు, 15 అడుగుల లోతు ఖాళీ తొట్టిని చుట్టూ ఊట నిండితే 8 టన్నుల పైచిలుకు బలం పైకి తోస్తుంది. ఒరల బరువు అందులో సగం కూడా ఉండదు. వానల్లో సంపు కడగొద్దు, నిండుగా ఉంచండి.

ఇక బిగింపు. సెల్లారు పల్లపు మూలలో 2 అడుగుల గుంత తవ్వించాలి, లేదంటే చివరి మూడు నాలుగంగుళాలు పంపుకి అందవు. ఫ్లోట్ గోడకి తగలకుండా ఆడాలి. డెలివరీ పైపు చివరిదాకా రెండంగుళాలే. మధ్యలో రెడ్యూసర్ వేసి ఒకటింపావుకి దించితే రాపిడి దాదాపు పదింతలు. లపేటా పైపు (చుట్టచుట్టే మెత్తని పైపు) మెలిక పడితే అంతే సంగతులు. ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి రానివ్వని వాల్వు) పెడితే, దానికీ పంపుకీ మధ్య పైపులో 4 మిల్లీమీటర్ల బెజ్జం వేయించండి. ఆ బెజ్జం లేక గాలి పట్టేసి, మోటరు తిరుగుతున్నా నీళ్లు రాని పంపులెన్నో! నీళ్లు వదిలే కాలువ అప్పటికే పొంగుతుంటే అవే ర్యాంపు మీదుగా తిరిగొస్తాయి, పైపు చివర పల్లం వైపు తీసుకెళ్లాలి.

కరెంటు సంగతి మరవొద్దు. ఇంటి ఇన్వర్టరు ఈ మోటరు స్టార్టింగుని మోయలేదు. 3 కేవీఏ జనరేటరు కావాలి, అదీ సెల్లారులో కాదు. స్విచ్ బోర్డు పై అంతస్తులో, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీతో (కరెంటు లీకైతే వెంటనే కట్ చేసే స్విచ్) ఉండాలి. కేబులు చాలదని టేపు చుట్టి అతుకు వేస్తే ఆ అతుకే నీళ్లలో మునుగుతుంది, ముందే అతుకు లేని పొడుగు కేబులు అడగండి.

ఆయుధపూజకి పంపుకి బొట్టు పెడతారు కదా, ఆ రోజే డ్రమ్ము నీళ్లలో ముంచి ఐదు నిమిషాలు ఆడించండి. ఆయిల్ ప్లగ్ విప్పి చూడండి: నూనె మజ్జిగలా తెల్లబడి ఉంటే మోటరులోకి నీళ్లు రానివ్వని సీల్ పోయినట్టే, ఈశాన్య రుతుపవనాలు రాకముందే మార్పించాలి.